దూది పెట్టుకోని చెవి

మా డైరీ ఫార్మ్ పేట పిల్లలకు అతడు ‘చెవిటి తాత’. కిరాణా కొట్టు దగ్గర, కుళాయి దగ్గర, బస్సు ఆగే చోట, ఎదురైన ప్రతివారికీ “బాగున్నాను, బాగున్నాను” అంటూ తల ఊపుకుంటూ సాగిపోయే ముసలివాడుగానే వారు అతణ్ణి ఎరుగుదురు. పోయిన ఏడు వానకాలంలో అతడు కన్నుమూసినప్పుడు కూడా, “చెవిటి తాత పోయాడట మాస్టారూ” అనే నాకు కబురు చెప్పారు. పిల్లలను తప్పుపట్టను. అయితే ముప్పై ఏళ్ళు ఈ ద్వీపంలో తెలుగు చెప్పినవాణ్ణి. విశేషణం విశేష్యానికి అతకకపోతే సహించలేని పాత అలవాటు నన్ను ఇంకా వదలలేదు. దానయ్య పేరుకు ముందు ఆ మాట చేరిస్తే నా మనస్సు ఒప్పుకోదు. దక్షిణ అండమాన్‌లో కొండలెక్కి దిగిన బస్సులన్నీ ఒకప్పుడు అతని చెవిని నమ్ముకొని తిరిగాయి. ఆ సంగతి తెలిసినవాళ్ళలో కొందరు పోయారు, కొందరు దానిని తలచుకోవడానికి ఇష్టపడరు. అందుచేత నేను వ్రాస్తున్నాను.

దానయ్య పుట్టినది శ్రీకాకుళం తీరంలో, భావనపాడుకు దగ్గరలోని ఒక చేపల పల్లెలో. 1957లో వేట తెలిసిన కుటుంబాలను ప్రభుత్వంవారు ఈ ద్వీపాలకు తరలించినప్పుడు తండ్రితోపాటు ఓడ ఎక్కాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదో పందొమ్మిదో. ఏ సంవత్సరం పుట్టాడో తల్లికి తెలియదు, ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చిందని మాత్రం తెలుసు. మా తీరంలో పెద్ద గాలివాన రాని ఏడు ఉన్నదా అన్నది వేరే ప్రశ్న. రెండేళ్ళ తరువాత నేనూ వచ్చాను. ఓడ దిగిన రోజున నా బాధ అంతా ట్రంకు పెట్టెలో తడిసిపోయిన వ్యాకరణ గ్రంథాలను గురించే. వాటిని జంగ్లీఘాట్ ఒడ్డున ఎండబెట్టుకుంటూ ఉంటే, వలలు ఆరబెట్టుకొంటున్న ఒక కుర్రవాడు దగ్గరకు వచ్చి, “ఇయ్యేటండి, ఎండు పుస్తకాలా?” అని అడిగాడు. దానయ్యతో నా పరిచయం అది.

మత్స్యకారుల సహకార సంఘంలో వేలిముద్ర వేయడం నామోషీగా ఉన్నదని కొన్నాళ్ళకు నా దగ్గర అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చాడు. నాలుగు రోజులు పలక పట్టుకొని ‘ద’ ఒక్కటీ గుండ్రంగా దిద్దాడు. అయిదవ రోజున పలక నా చేతికి ఇచ్చేసి, “ఇది సాలండి మాస్టారూ. మిగతా అచ్చరాలు మీకాడే ఉండనీండి, గావాలంటే అడుగుతాను” అన్నాడు. మళ్ళీ ఎన్నడూ అడగలేదు. నా ఉద్యోగ జీవితంలో ఒక్క అక్షరంతో తృప్తిపడిన శిష్యుడు అతడొక్కడే. ఆ అక్షరానికి అంత విలువ తెచ్చినవాడూ అతడొక్కడే.

గురుదక్షిణ అని ఒకనాటి ఉదయం నన్ను తన డుంగీ ఎక్కించుకొని వేటకు తీసుకువెళ్ళాడు. ఒడ్డు సన్నని గీతగా మారిన చోట పడవను నిలిపి, తెడ్డును నిలువుగా నీటిలోకి దించి, దాని పిడిని చెవికి ఆనించుకొని కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళ పల్లెలో తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి అది. గొరకలని ఒక జాతి చేపలున్నాయి. గుంపుగా ఉన్నప్పుడు గొరగొరమంటూ శబ్దం చేస్తాయి. ఆ శబ్దం నీటి నుంచి కర్రలోకీ, కర్రలో నుంచి చెవిలోకీ ఎక్కుతుంది. నేనూ చెవి ఆనించి చూశాను. నాకు వినిపించింది నా నెత్తురు పరుగెత్తే చప్పుడు మాత్రమే. దానయ్య నవ్వి, “కుడిపక్కన ఉన్నాయి, శానా లేవు, ఓ బుట్టెడు” అన్నాడు. వల తీస్తే ఓ బుట్టెడే పడ్డాయి.

ఇక బస్సుల సంగతి. ఆ రోజుల్లో బస్సుకు కమాను విరిగితే మద్రాసు నుంచి ఓడ వచ్చేవరకు అది రాళ్ళ మీద నిలబడవలసిందే. కమాను అంటే బండి బరువునంతా మోసే, విల్లులా వంగిన ఉక్కు పట్టీల కట్ట. తుష్నాబాద్ వైపు కొండ దారులకు, ఉప్పుగాలికి అవి ఏడాది తిరగకుండానే విరిగేవి. ప్రభుత్వ గ్యారేజీలో పనిచేసి పదవీ విరమణ చేసిన గురునాథంగారు అనే పెద్దమనిషి ఇది గమనించి, 1970లో మా డైరీ ఫార్మ్ వెనుక ఒక రేకుల షెడ్డులో కొలిమి పెట్టి, కమాను పట్టీలను ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టారు. ఉక్కు బద్దను ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచి పదును పెడతారు. ఆ ముంచడంలోనే వచ్చింది చిక్కు: కంటికి కనిపించని వెంట్రుకవాసి పగులు ఒక్కొక్క పట్టీలో ఏర్పడేది. అలాంటి పట్టీ బస్సుకు బిగిస్తే, దిగుడులో, మలుపులో, జనంతో నిండి ఉన్నప్పుడు విరుగుతుంది.

దానయ్య ఒకనాడు డుంగీకి లంగరు చేయించుకోవడానికి అక్కడికి వెళ్ళాడు. తన వంతు కోసం గోడవార కూర్చుని ఉండగా, మేస్త్రీ గణేశ్వరరావు చల్లారిన పట్టీలను సుత్తితో తట్టి ఒక పక్కన పేరుస్తున్నాడు.

“బాబూ, ఆ పట్టీ పగిలిపోయిందండి” అన్నాడు దానయ్య.

గణేశ్వరరావు వెనక్కి తిరిగి చూశాడు. “ఏమోయ్, ఇదేమైనా సొరచేప అనుకున్నావా, మొప్పలు ఎత్తి చూసి చెప్పడానికి?”

“మొప్పలు సూడలేదు బాబూ, గొంతు ఇన్నాను. మిగతాయి పిలిస్తే పలుకుతున్నాయి. అది ఇంట్లో ఉండీ లేనని సెప్పించినట్టు పలుకుతోంది.”

షెడ్డంతా గొల్లుమన్నది. గురునాథంగారు మాత్రం నవ్వలేదు. ఆ పట్టీని తెప్పించి, మరతో అదిమి చూశారు. సగానికి సగం తుంచినట్లు విరిగింది. లంగరు పని అటకెక్కింది. ఆ సాయంకాలానికి దానయ్య ఆ షెడ్డులో ఉద్యోగి అయ్యాడు.

‘ఉద్యోగము’ అన్న మాటకు ప్రయత్నమని, పూనిక అని అర్థం. ఇప్పుడు మనం ఆ మాటతో కుర్చీని, జీతాన్ని గుర్తు చేసుకుంటున్నాము కాని, పూనికను గుర్తు చేసుకోము. దానయ్యకు కుర్చీ లేదు, పూనిక ఉండేది. ప్రతి పట్టీనీ తీగకు వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టేవాడు. అనుమానం కలిగితే తన పాత తెడ్డులో నుంచి కోసుకున్న మూరెడు కర్రను పట్టీకీ చెవికీ మధ్య ఆనించి, సముద్రం మీద మూసుకున్నట్లే కళ్ళు మూసుకొనేవాడు. బాగున్నదని తేలితే, నేను నేర్పిన ‘ద’ అక్షరాన్ని ఉక్కు అచ్చుతో దాని మీద కొట్టేవాడు. ఆ అక్షరం చదవడం రాని డ్రైవర్లు, బెంగాలీలు, రాంచీవాళ్ళు, మలయాళీలు, బండి కింద దూరి చేతితో తడిమి, “అరే భయ్యా, ద హై కి నహీ?” అంటూ ఆ ‘ద’ ఉన్నదో లేదో అడిగి మరీ స్టీరింగు పట్టేవాళ్ళు. నా భాష ఇంత దూరం, ఇంతమంది చేతుల్లోకి వెళ్ళినందుకు నేను లోలోపల గర్వపడేవాణ్ణి.

పదకొండేళ్ళు అలా గడిచాయి. దానయ్య జంగ్లీఘాట్ వదిలి డైరీ ఫార్మ్‌లో మా వీధి చివర ఇల్లు కట్టుకున్నాడు. భార్య గురువమ్మ. పిల్లలు లేరు. ఆమె తమ్ముడు నూకన్నను వాళ్ళే పెంచి, పెళ్ళి చేసి, వేటకు పెట్టారు. నూకన్న నోరు మంచిదే కాని, దానికి తలుపు లేదు. “మా బావ సెవికి దణ్ణమెట్టాల, నా సెవులూ ఉన్నాయి, కళ్ళజోడు తగిలించుకోడానికైనా పనికొస్తాయనుకుంటే ఆ కళ్ళజోడూ లేదు” అంటూ నవ్వించేవాడు.

1981లో ద్వీపంలో రోడ్లు పెరిగాయి, బస్సులు పెరిగాయి. అన్ని బండ్లకూ కమాన్లు సరఫరా చేసే పని మూడేళ్ళ ఆర్డరుగా గురునాథంగారికి దక్కింది. షరతు ఒక్కటే: ప్రతి పట్టీనీ పరీక్షించి ముద్ర వేయాలి. గరాచర్మ పొలిమేరలో, కొత్త ఇళ్ళకు అవతల పెద్ద షెడ్డు లేచింది. మద్రాసు ఓడలో పెద్ద మర సుత్తి ఒకటి దిగింది. బద్దలు కోసే యంత్రం ఒకటి దిగింది. నలభైరెండు కొత్త ఉద్యోగాలు అన్నారు.

ఆ మాట ద్వీపంలోని తెలుగు ఇళ్ళలో ఎలా ప్రతిధ్వనించిందో నేను చెప్పగలను. ఎందుచేతనంటే దరఖాస్తులు వ్రాసినది నేను. ఇరవైయేడు వ్రాశాను. కామాలు, పూర్ణవిరామాలు తప్పకుండా, ప్రతి ఒక్కనికీ విడిగా వాక్యాలు కూర్చి వ్రాశాను. ఆ నలభైరెండు మందిలో పందొమ్మిది మంది జంగ్లీఘాట్ వేట కుటుంబాలవాళ్ళు. దానయ్య మాట మీద గురునాథంగారు తీసుకున్నవాళ్ళు. సముద్రాన్ని నమ్ముకొని గాలికి, వానకు పస్తులున్న ఇళ్ళకు మొదటిసారి నెల జీతం వచ్చింది. నూకన్న డుంగీని ఉంచుకొని దాని ఇంజను అమ్మేశాడు.

“సముద్రానికి సెలవు లేదు మాస్టారూ” అన్నాడు నాతో. “ఈ కంపెనీలో ఆదివారం సెలవంట! ఆ రోజు ఏటి సెయ్యాలో తెలీక మళ్ళీ సముద్రంలోకే ఎళతాను, సరదాకి, తెడ్డేసుకుని.”

మర సుత్తి మొదటిసారి దెబ్బ వేసిన రోజున నేనూ వెళ్ళాను. కొబ్బరికాయలు కొట్టారు. తరువాత అది దిగింది. నా ఛాతీలో ఎవరో గుద్దినట్లయింది. రేకుల కప్పు ఆ చప్పుడును బయటకు పోనీయకుండా మళ్ళీ మన మీదికే విసిరేది. ఒక్క నిమిషంలో అలాంటివి అరవై దెబ్బలు. వారం తిరగకుండా పనివాళ్ళందరూ చెవుల్లో దూది కుక్కుకున్నారు. నూకన్న ఏకంగా పాత లుంగీ చింపి తలకు చుట్టుకున్నాడు.

దానయ్య ఒక్కడే పెట్టుకోలేదు.

గురువమ్మ నా ఎదుటనే పోరింది. “అందరూ ఎట్టుకుంటన్నారు, నువ్వూ ఎట్టుకుంటే ఏటి?”

“నోరు కట్టుకుని కూర రుసి సూడగలవేటే?” అన్నాడతడు.

నిజమే కదా. మిగతావారందరి పనికి చెవి అడ్డము. అతని పనికి చెవియే సాధనం. దూది పెట్టుకుంటే పట్టీ గొంతు వినబడదు. పెట్టుకోకపోతే సుత్తి చెవిలో పడుతుంది. పరీక్ష బల్లను విడిగా ఒక గదిలో పెట్టిస్తానని గురునాథంగారు మాట ఇచ్చారు. అబద్ధమాడే మనిషి కాదు ఆయన. గదికి కావలసిన రేకులు రావలసిన ఓడ ఆలస్యమయింది. వచ్చిన రేకులు నూనె తొట్టెకు సరిపోయాయి. ఈలోగా గడువులు ముంచుకొచ్చాయి. వచ్చే ఓడకు, ఆపై ఓడకు అంటూ రెండేళ్ళు గడిచాయి. దానయ్య బల్ల మర సుత్తికి పది అడుగుల దూరంలోనే ఉండిపోయింది.

1983 చివరలో మార్పు నా కంటబడింది. వీధిలో వెనుక నుంచి పిలిస్తే తిరిగేవాడు కాదు. మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి కాక పెదవుల వైపు చూసేవాడు. వయసు మీదపడుతోందని సరిపెట్టుకున్నాను. నలభై అయిదేళ్ళవాడికి ఏమి వయస్సు? ఉపాధ్యాయుడు తప్పును చూసీ సున్నా చుట్టకుండా వదిలేసినట్లు, చూసి వదిలేశాను.

ఆ పైన జరిగినది దానయ్య చెప్పినది, నూకన్న కాదనలేనిది.

1984 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం బావా బావమరుదులు ఇద్దరూ డుంగీలో వెళ్ళారు. పాతచోటనే పడవ ఆపి, దానయ్య తెడ్డు దించి, పిడికి చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. చెవి మార్చి ఆనించాడు.

“ఏటి బావా, ఉన్నాయా?” అని నూకన్న చప్పుడు చేయకుండా చేతితో సైగ చేశాడు.

“లేవురా. ఖాళీ.”

“నీ సెవికి సెలవు రోజేమో, నా వల ఊరుకోదు” అంటూ నూకన్న వల విసిరేశాడు. తీయబోతే ఇద్దరి బలమూ చాలలేదు. డుంగీ ఒరిగేంత బరువు. అడుగు చెక్కల మీద గొరకలు గుట్టగా పడ్డాయి. ఆ చేప నీటి పైకి వచ్చాక కూడా అరుస్తుంది. నూకన్న సంబరంతో కేకలు వేస్తున్నాడు. దానయ్య ఆ గుట్టకేసి చూస్తూ కూర్చుండిపోయాడు. నోళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. వందల నోళ్ళు. ఒక్కటీ వినబడలేదు.

ఆ సాయంకాలం మా ఇంటికి వచ్చాడు. వెనుకనే నూకన్న పరుగెత్తుకొచ్చాడు. నా భార్య శాంతకుమారి టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది.

“మాస్టారూ, గురునాథం బాబుకు ఓ కాయితం రాయాల” అన్నాడు దానయ్య. తన గొంతు తనకు వినబడక, వీధి చివరకు వినబడేలా అన్నాడు. “నా సెవులు పోయినాయి. ఎప్పుడు పోయినాయో తెలీదు. సంక్రాంతికి ముందే పోయుంటాయి. సేతికి తగిలిన అదురుని సెవికి తగిలిందనుకుని ముద్దర కొట్టేస్తన్నాను. ఆ బస్సులన్నీ ఆపించాల.”

నూకన్న అతని ముందుకు వచ్చి, పెదవులు కనబడేలా నిలబడి ఒక్కొక్క మాటా విడదీసి అన్నాడు. “బావా. నోరు. మూసుకో. సెవి పోతే పోయింది, నోరు కూడా పోగొట్టుకో. వచ్చే నెలలో ఆర్డరు మళ్ళీ రాసుకుంటారంట. ఇప్పుడు ఈ మాట బయటికొస్తే ఆర్డరు ఎవడిస్తాడు? కొత్త షెడ్డంతా మూసేస్తారు. నా ఇంజను అమ్మేసినాను బావా! పందొమ్మిది ఇళ్ళవాళ్ళం నీ మాట మీదొచ్చినాం!”

దానయ్య నా వైపు తిరిగాడు. “మీరు సెప్పండి మాస్టారూ.”

నేను చెప్పినది వ్రాయకుండా తప్పించుకోవచ్చు. కాని, తప్పు తనదైనప్పుడు కర్మణి ప్రయోగంలో దాక్కోవడం నాకు ఎన్నడూ నచ్చలేదు. నేను ఆగమన్నాను. ఆర్డరు తిరిగి రానీ, ఈలోగా పరీక్ష గణేశ్వరరావు చూస్తాడు, ఒక్క నెల ఆగు అన్నాను. మెల్లగా చెప్పవలసిన మాట అది. సిగ్గుపడుతూ చెప్పవలసిన మాట. అతనికి వినబడదు కనుక, దానిని నేను అరచి చెప్పవలసి వచ్చింది. రెండుసార్లు అరిచాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

దానయ్య కొంచెంసేపు నా పెదవులనే చూశాడు. తరువాత అన్నాడు:

“తుష్నాబాద్ బస్సు రోజుకి ఎన్నిసార్లు కొండ దిగుతాది మాస్టారూ? అందులో బడి పిల్లలే గదా, మీ బడి పిల్లలే. దాని కింద నా అచ్చరం ఉంది. మీరు నేర్పిన అచ్చరం.”

కాగితం నేను వ్రాయలేదు. వ్రాయనని అనలేదు కూడా. కలం కోసం వెతుకుతున్నట్లు కూర్చున్నాను. అతడు లేచి తానే గురునాథంగారి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు. “అక్క మొగుడివి కాకపోతే కాళ్ళిరగ్గొట్టేవాణ్ణి!” అని నూకన్న వెనుక నుంచి అరిచాడు. దానయ్య తిరిగి చూడలేదు. అతనికి వినబడి ఉండదు.

గురునాథంగారు మంచివారు. మర్నాడు తెల్లవారగానే స్వయంగా గ్యారేజీకి వెళ్ళి బండ్లను ఆపించారు. మూడు రోజులు ద్వీపంలో బస్సులు సగమే నడిచాయి. ఆ రెండు నెలల పట్టీలన్నింటినీ విప్పి, ఒక్కొక్కటీ మర కింద అదిమి చూశారు. ఆరువందల పైచిలుకు పట్టీలలో పగిలినవి మూడే. మూడవది తుష్నాబాద్ బస్సులో, వెనుక ఎడమ చక్రం మీద దొరికింది. దానిని గణేశ్వరరావు చేతిలోకి తీసుకుంటూ ఉండగానే రెండు ముక్కలయింది.

ఇక్కడ కథ ముగిసి ఉంటే దానయ్యకు పూలదండ పడేది. జనం మాట్లాడుకున్నది ఆ ఒక్క పట్టీని గురించి కాదు. “మూడే గదా” అన్నారు. ఆరువందలకు మూడు! ఎవరూ చనిపోలేదు, జరగని ప్రమాదానికి సాక్ష్యం ఉండదు. పోయిన ఉద్యోగాలకు నలభైరెండు ఇళ్ళు సాక్ష్యం. పగుళ్ళను పట్టే యంత్రం తెచ్చేవరకు ఆర్డరు ఆపుతామని అధికారులు వ్రాశారు. ఆ యంత్రం తేవడం గురునాథంగారి తరం కాలేదు. మే నెలకల్లా గరాచర్మ షెడ్డుకు తాళం పడింది. మర సుత్తి తిరిగి ఓడ ఎక్కింది. పాత షెడ్డులో నలుగురు మిగిలారు. తక్కినవాళ్ళు కొందరు కూలికి, కొందరు మళ్ళీ వేటకు పోయారు. నూకన్న ఇంజను లేని డుంగీతో ఒడ్డువారనే తిరిగేవాడు. దూరం పోతే రాత్రికి తిరిగి రాలేడు.

ఎవరూ ఒట్టు పెట్టుకోలేదు, పంచాయతీ చేయలేదు. కాని, ఆ నలభైరెండు ఇళ్ళవాళ్ళు దానయ్యతో మాట్లాడడం మానేశారు. కుళాయి దగ్గర, కొట్టు దగ్గర, గరాచర్మ బస్సు కోసం నిలబడిన చోట, అతడు వస్తే ముఖం తిప్పుకొనేవారు. కన్నకొడుకులా పెంచిన బావమరిది నూకన్న కూడా వీధికి ఆ పక్కకు దాటి నడిచేవాడు.

అతనికి ఇది తెలియలేదు. నేను ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఇదే. దానయ్యకు తన చెవిటితనం అంటే చెప్పలేనంత సిగ్గు. అవతలివాళ్ళు పలకరించగా వినబడక, “ఆ? ఏటి?” అని మళ్ళీ మళ్ళీ అడగవలసి వస్తుందేమోనన్న భయంతో తల దించుకొని నడిచేవాడు; ఎవరి పెదవుల వైపూ చూసేవాడు కాదు. మనిషి నీడ దగ్గరపడగానే తానే ముందుగా తల ఊపి, “బాగున్నాను, బాగున్నాను, మీరు బాగున్నారా?” అని దాటిపోయేవాడు. వాళ్ళు పలకరించారనే అనుకునేవాడు. లోకం తనను పలకరిస్తూనే ఉన్నదని, లోపమంతా తన చెవిలోనే ఉన్నదని నమ్మాడు.

ఒకనాడు కుళాయి దగ్గర నా కళ్ళారా చూశాను. షెడ్డులో పనిచేసిన అప్పలరాముడు బిందె పట్టుకొని వెనుదిరిగి నిలబడ్డాడు. దానయ్య ఆ వీపుకు చెప్పాడు: “బాగున్నాను అప్పలరాముడూ. పిల్లలు బాగున్నారా? మంచిది, మంచిది.”

ఆ సాయంకాలం గురువమ్మను పక్కకు పిలిచి, అతనికి చెప్పవద్దా అని అడిగాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతున్నది. ఆపలేదు.

“సెప్పకండి మాస్టారూ. ఇంటికొచ్చి రోజూ నాకు లెక్క సెప్తాడు, ‘ఈయాల పదిమంది పలకరించినారే, ఎవుళ్ళకీ నా మీద కోపం లేదే’ అని. నానేటి సెప్పను? అవునంటాను.” చెరుగుతూనే, “మా తమ్ముడు కూడా పలకరించినాడంట, మొన్న” అన్నది.

ఆమె చేట ఆగింది అక్కడే.

దాదాపు మూడేళ్ళు ఇలా నడిచింది. నేను ఆ రోజు ఆగమన్నందుకు దానయ్య నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చి కూర్చునేవాడు. నేను పలక మీద చేప బొమ్మ గీస్తే వేట బాగున్నదని, గీతలు గీస్తే వాన వస్తుందని తెలుసుకొనేవాడు. అక్షరాలు ఇప్పుడైనా నేర్పనా అని పలక మీద ‘ద’ పక్కన ‘న’ వ్రాసి చూపించాను. తల అడ్డంగా ఊపాడు. ఆ ‘ద’ను కూడా చేతితో తుడిచేశాడు.

1987లో వానలు వెనుకబట్టిన రోజుల్లో ఒక ఉదయం, నేనూ అతడూ జంగ్లీఘాట్ ఒడ్డున నడుస్తున్నాము. నూకన్న డుంగీ అప్పుడే ఒడ్డుకు చేరింది. అందులో నాలుగు చేపలకు మించి లేవు. వల విదిలిస్తున్నవాడు మమ్మల్ని చూసి, ఎప్పటిలాగానే ముఖం తిప్పుకున్నాడు. తరువాత ఏమయిందో, ఏ ఖాళీ వల అతని మనస్సును తిప్పిందో నాకు తెలియదు. వల కింద పడేసి, ఇసుకలో మా వైపు నడిచి వచ్చాడు. బావకు ఎదురుగా, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. 

“బావా” అన్నాడు. “తెడ్డు ఏసి ఇనేవాడు లేక వల ఊరికే తడుపుకుంటన్నాను బావా. నాదే తప్పు. ఒక్కసారి నాతో డుంగీ ఎక్కు. ఇనబడకపోతే ఇనబడకపోనీ. ఊరికే కూకో.”

మూడేళ్ళ తరువాత పలికిన మాటలవి. దానయ్య తల దించుకొని ఉన్నాడు. ఒడ్డున ఉన్న డుంగీని చూశాడు, ఇసుక మీద నీడ దగ్గరపడడం చూశాడు, అంతే. ఎప్పుడూ ఊపినట్లే తల ఊపాడు.

“బాగున్నానురా నూకా, బాగున్నాను. నువ్వు బాగున్నావా? మంచిది, మంచిది.”

అని, అతణ్ణి పక్కకు తప్పుకొని, నడుచుకుంటూ ముందుకు సాగిపోయాడు.

నూకన్న అక్కడే కూలబడ్డాడు. నేను పరుగెత్తి దానయ్య భుజం పట్టుకొని ఆపవలసింది, వెనక్కి తిప్పవలసింది. చేయి ఎత్తాను కూడా. అప్పుడు తోచింది: ఈ రోజు నూకన్న నిజంగా పలకరించాడని చెప్పాలంటే, ఇన్నాళ్ళూ పలకరించలేదని చెప్పాలి. ఎత్తిన చేయి దించుకున్నాను. దానయ్య కొంతదూరం పోయి, నా కోసం ఆగి, ముఖమంతా విప్పారగా నాతో అన్నాడు:

“సూసినారా మాస్టారూ? మావోడు రోజూ పలకరిస్తాడు.”